రూటు చేయకయే ఫోనులోని మరుగు అమరికలను మార్చుకొను విధము

గడచిన వేసవిలో మన సంఘ సభ్యులొకరు తమ ఫోనును చేతబట్టుకొని కార్యాలయమునకు వచ్చిరి. అది కొని నాలుగు సంవత్సరములైనది. తెర మారుటకు జాగగుచున్నది. అక్షరములు కంటికానుట లేదు. పట్టణములో నొక అంగడివాడు, "దీనిని రూటు చేసినచో క్రొత్తదానివలె నడచును" అని నమ్మబలికి, అయిదువందల రూపాయలు పుచ్చుకొని ఆ పని చేసి యిచ్చినాడట. ఫోను మునుపటివలెనే నడచుచున్నది. అందులోని పొలము ఫోటోలు, పాసుపుస్తకపు నకలు, మనుమరాలి పెండ్లి చిత్రములు మాత్రము ఒక్కటియు మిగులలేదు. బ్యాంకు యాప్‌ను మరల వేసి తెరువబోగా, ఈ ఫోను సురక్షితము కాదని యొక మాట చెప్పి మూసికొనుచున్నది. వారి పంట ఋణపు గడువునకు ఇంక నాలుగు దినములే యున్నవి.

గడువు దాటిన నేమగునో మన సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము క్రింద 3 లక్షల రూపాయలవరకు పంట ఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోపల చెల్లించినవారికి మరి 3 శాతము తగ్గి 4 శాతమే పడును. లక్ష రూపాయల ఋణముపై సంవత్సరమునకు ఈ తేడా 3,000 రూపాయలు. ఆ సభ్యులు రెండు బస్సులు మారి బ్యాంకు శాఖకు పోయి, వరుసలో నిలిచి, నగదు కట్టివచ్చిరి గనుక నష్టము తప్పినది.

విచారింపగా వారు కోరినవి రెండే పనులు. అక్షరములు పెద్దవి కావలెను. తెర మారునప్పటి జాగు తగ్గవలెను. ఈ రెంటికిని రూటుతో నిమిత్తమే లేదు. ఆండ్రాయిడ్ ఫోనును తయారుచేసినవారే యజమాని కొరకు దొడ్డివాకిలి యొకటి పెట్టియున్నారు. దాని గడియ యెచట నున్నదో తెలియక, ఇంటిగోడకు కన్నము వేయించుకొన్నట్లయినది వారి పని. ఆ గడియ యేది, దానిని తీయుటెట్లు, లోపలికి పోయి యేమి చేయవచ్చును, తిరిగి మూయుటెట్లు అను సంగతులు ఈ మాసము మన పాఠము.

రూటు అననేమి?

ఆండ్రాయిడ్ ఫోనుల లోపల లినక్స్ అను వ్యవస్థయొక్క మూలభాగము పనిచేయుచుండును. అందు ప్రతి కర్తకును ఒక సంఖ్య యుండును. మనము వేసికొను ప్రతి యాప్‌నకును వేరువేరుగ సంఖ్య నిచ్చి, ఒకదాని సొత్తు మరియొకటి ముట్టకుండ కట్టడి చేయుదురు. వీరందరిపైని 0 సంఖ్యగల సర్వాధికారి యొకడు కలడు. అతనికే రూటు అని పేరు. అతడు దేనినైనను చదువగలడు, మార్చగలడు, చెరుపగలడు. ఫోను అమ్మునప్పుడు ఆ పీఠమును మనకీయరు. దానిని బలవంతముగ పొందుటయే రూటు చేయుట.

దానికి ముందు బూట్‌లోడర్ అను తాళమును విప్పవలెను. విప్పినతోడనే ఫోనులోని సమస్తమును తుడిచివేయబడును. దొంగ యెవడైనను తాళము విప్పి మన కాగితములు చదువకుండుటకై చేసిన యేర్పాటిది. మన సభ్యుల ఫోటోలు పోవుటకు ఇదియే కారణము. తాళము విప్పిన ఫోనును చెల్లింపు యాప్‌లును, బ్యాంకు యాప్‌లును గుర్తుపట్టి నిరాకరించుట సర్వసాధారణము. తయారీదారు పంపు భద్రతా సవరణలును సరిగ నెక్కవు. విద్య తెలిసినవారు వేరొక పాత ఫోనుపై ఈ ప్రయోగము చేసికొనిన చేసికొనవచ్చును. బ్యాంకు లావాదేవీలు నడచు ఫోనుపై మాత్రము అది కూడని పని.

సర్వాధికారికిని, సామాన్య యాప్‌లకును నడుమ 2000 సంఖ్యగల మరియొకడు కలడు. వానిని షెల్ అందురు. వానికి సర్వాధికారము లేదు. కాని ఫోను అమరికల పుస్తకములలో వ్రాయుటకు అనుమతి కలదు. యజమాని ఈ షెల్ ద్వారా తన ఫోనుతో మాటాడుటయే దొడ్డివాకిలి.

మూడు పుస్తకములు

ఫోను తన అమరికల నన్నిటిని మూడు పుస్తకములలో వ్రాసికొనియుండును. ప్రతి పంక్తియందును ఒక పేరు, దాని ప్రక్క నొక విలువ. అంతకుమించి యేమియు లేదు. మన సంఘపు ఖాతాల కంటె సులభమైన లెక్క.

మొదటి పుస్తకమునకు సిస్టమ్ అని పేరు. అక్షరముల పరిమాణము, తెర వెలుగు, మ్రోతల వంటివి ఇందుండును. 2015లో వచ్చిన ఆరవ ఆండ్రాయిడ్ మొదలుకొని, ఏ యాప్ అయినను ఇందు వ్రాయదలచినచో ముందు యజమాని ప్రత్యేకముగ ఒప్పుకొనవలెను. రెండవది సెక్యూర్. ఏ కీబోర్డు వాడవలెను, వికలాంగుల సౌకర్యార్థమైన ఏ సేవలు పనిచేయవలెను అనునవి ఇందు వ్రాయబడును. మన తీర్మానముల పుస్తకమువలె, సామాన్య యాప్‌లు దీనిని చాలవరకు చదువగలవే గాని వ్రాయజాలవు. మూడవది గ్లోబల్. ఒకే ఫోనును ఇద్దరు ముగ్గురు వేరువేరు ఖాతాలతో వాడుచున్నచో మొదటి రెండు పుస్తకములు ఎవరివి వారికుండును. గ్లోబల్ మాత్రము ఇంటికంతటికిని ఒక్కటే. విమానపు మోడ్ వంటివి ఇందుండును. 2012లో వచ్చిన 4.2 ఆండ్రాయిడ్‌తో ఈ మూడవ పుస్తకము ఏర్పడినది.

మనము తెరపై చూచు సెట్టింగ్స్ పట్టిక ఈ పుస్తకములలోని కొన్ని పంక్తులకు మాత్రమే మీటలు పెట్టి చూపును. మిగిలిన పంక్తులు పుస్తకమందున్నవి. వానికి మీటలు లేవు. మరుగు అమరికలనగా ఇవియే. ఇందు మంత్రతంత్రములేమియు లేవు.

ముందు వీధివాకిలి

దొడ్డివాకిలి తీయుటకు ముందు వీధివాకిలిలోనే మన పని అగునేమో చూడవలెను. నూటికి ఎక్కువమంది ఈ మెట్టును దాటవేయుదురు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అను భాగమున అక్షరముల పరిమాణపు మీట యుండును. 2023లో వచ్చిన 14వ ఆండ్రాయిడ్‌లో అక్షరములను రెండింతల వరకు పెంచుకొనవచ్చును. తెరలు మారునప్పటి కదలికల నాపుటకు యాక్సెసిబిలిటీ అను భాగములో రిమూవ్ యానిమేషన్స్ అను మీట చాల ఫోనులలో కలదు. ఇది వీధివాకిలిలోని మీట గనుక బ్యాంకు యాప్‌లకు దీనితో పేచీ లేదు. మన సభ్యుల రెండు కోరికలలో రెండవది ఈ ఒక్క మీటతో తీరిపోయెడిది.

గడియ తీయుట

4.2 ఆండ్రాయిడ్‌నకు పూర్వము డెవలపర్ ఆప్షన్స్ అను పట్టిక అందరికిని బాహాటముగనే కనబడుచుండెను. తెలియనివారు అందు వ్రేలుపెట్టి చిక్కులు తెచ్చుకొనుచుండుటచే గాబోలు, 2012లో దానిని మరుగుపరచిరి. ఇప్పుడు దానిని రప్పించుటకు సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ అను పుటకు పోయి, బిల్డ్ నంబరు అనుదానిపై ఏడుమార్లు వ్రేలితో తట్టవలెను. శాంసంగ్ ఫోనులలో ఈ బిల్డ్ నంబరు సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ అను లోపలి పుటయందుండును. షావోమీ ఫోనులలో బిల్డ్ నంబరునకు బదులు వారి వ్యవస్థ పేరున్న పంక్తిని తట్టవలెను. తాళపు అంకెలడిగి, మీరిప్పుడు డెవలపర్ అయితిరని ఫోను చెప్పును. ఆ మాటకు గర్వపడనక్కరలేదు, భయపడనక్కరలేదు. పట్టిక యొకటి కొత్తగ కనబడుట తప్ప ఇంతవరకు ఏమియు మారలేదు.

ఆ పట్టికలో విండో యానిమేషన్ స్కేల్, ట్రాన్సిషన్ యానిమేషన్ స్కేల్, యానిమేటర్ డ్యురేషన్ స్కేల్ అను మూడు పంక్తులుండును. మూడింటి విలువయు మామూలుగ 1. వానిని 0.5 చేసినచో తెర మారునప్పటి కదలికలు సగము కాలములోనే ముగియును. పాత ఫోను చురుకైనట్లు తోచును. తోచునని యే అనుచున్నాను. నిజమునకు ఎద్దుల బలము పెరుగలేదు, బండికి అలంకారపు గజ్జెలు తగ్గినవి. అయినను దినమునకు నూరుమార్లు తెర మార్చువారికి ఆ తేడా తెలియును.

ఇదే పట్టికలో ఓ.ఈ.ఎం. అన్‌లాకింగ్ అను మీట కలదు. అది పైన చెప్పిన బూట్‌లోడర్ తాళమునకు సంబంధించినది; దాని జోలికి పోరాదు. బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ లిమిట్ అను దానిని తగ్గించినచో ఫోను వేగమగునని కొందరు బోధింతురు. నా అనుభవములో దానివలన కలుగు నష్టమే యెక్కువ. చాటున పనిచేయు యాప్‌లు మాటిమాటికి ఆగిపోయి, మోటారు ఆగినదను హెచ్చరికయు, సొమ్ము జమయైనదను కబురును ఆలస్యముగ వచ్చును. అదృష్టవశమున, ఫోనును ఆర్పి వెలిగించినచో ఆ అమరిక మొదటికి వచ్చును.

తీగతో పుస్తకమును తెరచుట

మీటలు లేని పంక్తులను చదువుటకును, మార్చుటకును ఏడీబీ అను సాధనము కావలెను. దీనిని కంప్యూటరులో నుంచుకొని, తీగద్వారా ఫోనులోని షెల్‌తో మాటాడుదురు. ప్లాట్‌ఫామ్ టూల్స్ అను పేర గూగుల్ సంస్థవారు తమ ఆండ్రాయిడ్ డెవలపర్ల సైటులో దీనిని ఉచితముగ నిచ్చుచున్నారు. అచటినుండియే దించుకొనవలెను; తక్కిన చోట్లనుండి దించినవానిలో నేమి కలిసియున్నదో చెప్పలేము. కాలేజీలో చదువు పిల్లవాడు ఇంటనున్నచో ఈ పని వానికప్పగించి ప్రక్కన కూర్చుండి చూచుట మేలు.

డెవలపర్ ఆప్షన్స్‌లో యు.ఎస్.బి. డీబగ్గింగ్ అను మీటను వేసి, ఫోనును తీగతో కంప్యూటరునకు కలుపవలెను. సంతలో చౌకగ వచ్చు తీగలు కొన్ని విద్యుత్తును మాత్రమే మోయును, మాటను మోయవు. కంప్యూటరు ఫోనును గుర్తింపనిచో మొదట తీగను మార్చి చూడుడు. ఈ సంగతి తెలియక నేనొక సాయంకాలమంతయు వ్యర్థపుచ్చితిని. షావోమీ ఫోనులలో దీనిక్రిందనే సెక్యూరిటీ సెట్టింగ్స్ అని మరియొక డీబగ్గింగ్ మీట కలదు. దానిని కూడ వేయనిచో షెల్‌కు వ్రాయు అధికారము రాదు.

కలుపగనే, ఈ కంప్యూటరును అనుమతింతురా యని ఫోను అడుగును. 2013లో 4.2.2 ఆండ్రాయిడ్‌తో వచ్చిన కట్టడి యిది. సొంత కంప్యూటరైననే ఒప్పుకొనుడు. ఎల్లప్పుడును అనుమతింపుము అను గడిలో గుర్తు పెట్టకుడు. ఇంటర్నెట్టు అంగళ్లలో నసలే పెట్టరాదు.

ఇక వ్రాతలు. కంప్యూటరులో వీనిని ఇంగ్లీషు చిన్న అక్షరములతో కొట్టవలెను. ఇచట చదువుటకు వీలుగ తెలుగున చూపుచున్నాను. పదముల నడుమ ఖాళీ యుంచవలెను. అడుగుగీత చూపినచోట అడుగుగీతయే పెట్టవలెను. మొదట "ఏడీబీ డివైసెస్" అని కొట్టుడు. ఫోను సంఖ్యయు, దాని ప్రక్క డివైస్ అను మాటయు వచ్చినచో మాట కలిసినది. అన్‌ఆథరైజ్డ్ అని వచ్చినచో ఫోను తాళము తీసి అనుమతి నీయవలెను.

మన సభ్యుల మొదటి కోరికనే ఉదాహరణముగ తీసికొందము. వారిది పాత ఆండ్రాయిడ్. వీధివాకిలి మీటను చివరివరకు జరిపినను అక్షరములు 1.3 రెట్లకు మించి పెరుగవు. కావున "ఏడీబీ షెల్ సెట్టింగ్స్ గెట్ సిస్టమ్ ఫాంట్_స్కేల్" అని కొట్టవలెను. గెట్ అనగా చదువుము. సిస్టమ్ అనునది పుస్తకము పేరు. చివరిది పంక్తి పేరు. జవాబుగ 1.3 అని వచ్చును. ఇప్పుడు చేయవలసిన పని కంప్యూటరులో లేదు. కాగితముపై ఆ పంక్తి పేరును, పాత విలువను, తేదీని వ్రాసికొనవలెను. అది వ్రాసిన పిమ్మటనే "ఏడీబీ షెల్ సెట్టింగ్స్ పుట్ సిస్టమ్ ఫాంట్_స్కేల్ 1.5" అని కొట్టవలెను. పుట్ అనగా వ్రాయుము. తక్షణమే తెరపై అక్షరములు పెరుగును. తీగ తీయక, బ్యాంకు యాప్‌ను, సందేశముల పుటను తెరచి, మీటలు అన్నియు తెరలోపల ఇముడుచున్నవో లేదో చూడవలెను. కొన్ని యాప్‌లలో అక్షరములు పెరిగి, సరే యను మీట తెర అడుగునకు జారిపోవును. అట్లయినచో 1.4 వ్రాసి చూడుడు.

ఒకదానిని మార్చి, చూచి, దినమో రెండు దినములో వాడి, తరువాత మరియొకదానికి పోవలెను. ఒక్కసారి పది పంక్తులు మార్చినవానికి ఏది చెడినదో తెలియదు. ఎరువును, పురుగుమందును, క్రొత్త విత్తనమును ఒకే మడిలో ఒకే ఏట ప్రయోగించి, దిగుబడి దేనివలన తగ్గినదో తెలియక విచారించువారిని మన మెరుగుదుము గదా.

చదివినప్పుడు ఒక్కొక్కమారు జవాబుగ సంఖ్యకు బదులు నల్ అని వచ్చును. అనగా ఆ పంక్తి పుస్తకములో నింతవరకు వ్రాయబడనే లేదు. ఫోను తన సహజపు అలవాటు ప్రకారము నడచుచున్నది. ఇట్టిదానిని మార్చి, తరువాత వద్దనుకొన్నచో సున్నయో ఒకటియో వ్రాసి ఊరకుండరాదు. ఆ పంక్తినే కొట్టివేయవలెను. దానికి గెట్ స్థానమున డిలీట్ అని వ్రాయుదురు. కావుననే కాగితముపై నల్ అను మాటను కూడ ఉన్నదున్నట్లు వ్రాసికొనవలెను.

మన పనులకు అక్కరకువచ్చు పంక్తులు రెండు చెప్పెదను. ధాన్యము కొనుగోలు కేంద్రములో కాటా ప్రక్కన ఫోనునుంచి లెక్కలు వ్రాయువారికి, నిమిషమున కొకమారు తెర ఆరిపోవుట పెద్ద చికాకు. గ్లోబల్ పుస్తకములో స్టే_ఆన్_వైల్_ప్లగ్డ్_ఇన్ అను పంక్తి కలదు. విలువ 1 అయిన గోడ ప్లగ్గునుండి ఛార్జి అగుచున్నంతసేపు తెర ఆరదు. 2 అయిన కంప్యూటరు తీగపై నున్నంతసేపు. రెండును కావలెనన్న రెంటిని కూడి 3 వ్రాయవలెను. 0 వ్రాసిన మామూలే. సాయంకాలము దీనిని మరల 0 చేయుట మరువరాదు. తెర యెల్లవేళల వెలుగుచున్న ఫోను వేడెక్కి, బ్యాటరీ త్వరగ చెడును.

రెండవది, గ్లోబల్ పుస్తకములోనే హెడ్స్_అప్_నోటిఫికేషన్స్_ఎనేబుల్డ్ అనునది. ఫోనును నలుగురి ముందు పెట్టి యేదో చూపుచున్నప్పుడు, బ్యాంకువారి ఓ.టి.పి. సందేశము తెరపైనుండి వ్రేలాడి అందరికిని కనబడుట చూచియే యుందురు. ఈ పంక్తికి 0 వ్రాసినచో ఆ వ్రేలాడుట నిలిచిపోవును. సందేశములు వచ్చుచునే యుండును. పైనుండి పట్టికను క్రిందికి లాగినప్పుడు చదువుకొనవచ్చును.

నా పొరపాటు ఒకటి

తెరపై వస్తువులన్నియు పెద్దవిగనో చిన్నవిగనో కనబడుటకు సాంద్రత అను విలువ కలదు. దీనిని "ఏడీబీ షెల్ డబ్ల్యూఎమ్ డెన్సిటీ" అను వ్రాతతో చదువుదురు. చివర సంఖ్య చేర్చి మార్చుదురు. నా ఫోను సాంద్రత 440. ఒక రాత్రి కండ్లద్దములు లేక 480 అని కొట్టబోయి 840 అని కొట్టితిని. ఒక్కొక్క గుర్తు బండిచక్రమంతయై, తాళపు అంకెల పలక సగము తెర వెలుపలికి పోయినది. ఫోనును ఆర్పి వెలిగించినను అంతే; పుస్తకములో వ్రాసిన విలువ ఆర్పినంతమాత్రమున పోదు. తాళమే తీయలేని ఫోనులో సెట్టింగ్స్ తెరచుటెట్లు? తీగ యింకను తగిలించియే యుండుటయు, అనుమతి అదివరకే యిచ్చియుండుటయు నన్ను రక్షించినవి. "ఏడీబీ షెల్ డబ్ల్యూఎమ్ డెన్సిటీ రీసెట్" అని కొట్టగనే మునుపటి రూపము వచ్చినది. తీగ తీసివేసి, అనుమతి రద్దుచేసి యుండినచో, ఫోనునంతయు తుడిచి మొదటికి తెచ్చుట తప్ప గతి లేకపోయెడిది. రీసెట్ వ్రాత కాగితముపై లేనిదే సాంద్రతను ముట్టరాదని నాటినుండి నియమము పెట్టుకొంటిని.

కంప్యూటరు లేనివారికి

2020లో వచ్చిన 11వ ఆండ్రాయిడ్ మొదలుకొని వైర్‌లెస్ డీబగ్గింగ్ అను మీట యున్నది. దీనితో తీగ లేకయే, ఆరంకెల జత కోడు నిచ్చి షెల్‌తో మాటాడవచ్చును. షిజుకు అను ఉచిత యాప్ ఈ మార్గముననే పనిచేసి, కంప్యూటరు అవసరము లేకుండ, ఫోనులోనుండియే షెల్ అధికారమును ఇతర యాప్‌లకు అందిచ్చును. ఫోను వైఫైపై నుండవలెను. ఇంట వైఫై లేనిచో మరియొక ఫోను హాట్‌స్పాట్ చాలును. ఫోనును ఆర్పి వెలిగించినచో షిజుకును సాధారణముగ మరల ప్రారంభింపవలసియుండును. మార్చిన విలువలు మాత్రము నిలిచియుండును.

సౌకర్యమైన మార్గమే గాని, క్రొత్తవారికి నేను తీగనే చెప్పుదును. తీగతో మనము వ్రాసినదే జరుగును. షిజుకుతో నొక యాప్‌నకు అధికారమిచ్చుట గిడ్డంగి తాళపుచెవిని మరియొకని చేతిలో పెట్టుట వంటిది; ఆ మరియొకడెవడో ముందు తెలిసియుండవలెను.

సిగ్నలు సంగతి

డెవలపర్ ఆప్షన్స్‌తోను, తీగతోను పనిలేని మరుగుపుట మరియొకటి చాల ఫోనులలో కలదు. అంకెల పలకపై నక్షత్రము, హాష్, నక్షత్రము, హాష్, 4636, హాష్, నక్షత్రము, హాష్, నక్షత్రము అని నొక్కినచో టెస్టింగ్ అను పుట తెరచుకొనును. అందు ఫోన్ ఇన్ఫర్మేషన్ అనుచోట ఏ తరపు నెట్‌వర్కును పట్టుకొనవలెనో యెన్నుకొనవచ్చును. టవరు దూరమై, ఫోను 4జి నుండి 2జికి, మరల 4జికి గంతులువేయు పొలములలో ఎల్‌.టి.ఇ. ఓన్లీ అని పెట్టినచో డేటా నిలకడగ నుండును. ధరల పట్టిక తెరచుకొనును.

కాని ఇందొక గోతి యున్నది. ఫోనుగాని నెట్‌వర్కుగాని 4జి మీదనే మాట నడపు వోల్ట్ పద్ధతి నెరుగనిచో, ఇట్లు పెట్టిన తరువాత కాల్స్ రావు, పోవు. ఫోనుతో కాల్ చేసి పొలములోని మోటారు స్టార్టరును నడపువారు దీనిని గుర్తుంచుకొనవలెను; రాత్రి కరెంటు వచ్చిన వేళ కాల్ పోకుండుట యెంత పనియో వారికే తెలియును. మార్చిన వెంటనే ప్రక్కవాని ఫోనునకు కాల్ చేసి, వానిచే తిరిగి చేయించి, రెండును కుదిరిననే ఆ పుటను విడువవలెను. కుదరనిచో మునుపున్న పంక్తిని మరల ఎన్నుకొనుడు. అది యేదో ముందే కాగితముపై వ్రాసికొనియుందురు గదా.

వాకిలి మనకే గాదు

తీసిన వాకిలిలో ఇంటివాడే గాక ఇతరులును దూరగలరు. పి.ఎం. కిసాన్ సొమ్ము వచ్చినదని వాట్సాప్‌లో ఏ.పి.కె. అను నకిలీ యాప్‌ను పంపి, దానిని వేసికొన్న రైతుల ఖాతాలను ఖాళీచేయుట తెలుగు రాష్ట్రములలో జరిగినది. ప్రభుత్వపు పథకమేదియు వాట్సాప్‌లో యాప్‌ను పంపదు. ఫోనులో నెవరో మాటాడుచు, బిల్డ్ నంబరును ఏడుమార్లు తట్టుమనిననుసరే, ఆరంకెల జత కోడు చెప్పుమనిననుసరే, ఆ క్షణమే మాట త్రెంచవలెను. జత కోడు ఓ.టి.పి. వంటిదే, ఎవరికిని చెప్పరాదు. సొమ్ము పోయినట్లు తెలిసినచో గంటలు గడువనీయక 1930 సంఖ్యకు ఫోను చేయుడు. త్వరగ చెప్పినకొలది ఆ సొమ్మును బ్యాంకులలో నిలిపివేయు అవకాశము హెచ్చు.

మూయుట

పని ముగిసినతోడనే మొదట యు.ఎస్.బి. డీబగ్గింగ్‌ను, వైర్‌లెస్ డీబగ్గింగ్‌ను ఆర్పవలెను. దానిప్రక్కనున్న రివోక్ ఆథరైజేషన్స్ అను పంక్తిని నొక్కినచో అంతవరకు అనుమతించిన కంప్యూటర్లన్నియు రద్దగును. ఒకమారు నేను ఈ మీటలార్పక మరచితిని. మరునాడు బ్యాంకు యాప్ తెరువబోగా, డెవలపర్ ఆప్షన్స్ మూసిననే తెరచుకొందునని మొండికేసినది. అన్ని బ్యాంకుల యాప్‌లును ఇట్లు చేయవు, కొన్ని చేయును. ఇందు తుడుచుకొనిపోవునదేమియు లేదు. ఆ పట్టిక పైభాగముననున్న పెద్దమీటను ఆర్పగనే యాప్ తెరచుకొన్నది. రూటుకును దీనికిని గల భేదము ఇచట స్పష్టముగ తెలియును: దీనిని అర నిమిషములో సరిదిద్దవచ్చును.

పెద్దమీటను ఆర్పినప్పుడు ఆ పట్టికకు చెందిన అమరికలు చాలవరకు మొదటికి వచ్చును. యానిమేషన్ విలువలు మరల 1 అగును. తెర ఆరకుండుట కూడ పోవును. ఫాంట్_స్కేల్ వంటివి ఆ పట్టికలోనివి కావు గనుక వ్రాసినట్లే నిలుచును. కావున బ్యాంకు యాప్ పెద్దమీటను ఒప్పుకొననివారు కదలికల కొరకు డెవలపర్ ఆప్షన్స్‌ను నమ్ముకొనక, పైన చెప్పిన రిమూవ్ యానిమేషన్స్ మీటనే వాడుకొనవలెను.

మన సభ్యుల ఫోనునకు తయారీదారు సర్వీసు కేంద్రములో మూలపు సాఫ్ట్‌వేరును మరల ఎక్కించి, బూట్‌లోడర్ తాళము వేయించితిమి. బ్యాంకు యాప్ తెరచుకొనుచున్నది. ఫాంట్_స్కేల్ 1.4 వద్ద నిలిపి, రిమూవ్ యానిమేషన్స్ మీట వేసితిమి. పాత విలువ 1.3 అని వ్రాసిన చీటీని ఫోను వెనుక తొడుగులో మడచి యుంచినారు. సంఘ కార్యాలయపు కంప్యూటరులో ఏడీబీ సాధనమున్నది. కావలసిన సభ్యులు తమ ఫోనును, మంచి తీగను, ఒక తెల్లకాగితమును తెచ్చుకొని రావచ్చును. వచ్చుటకు ముందు ఫోటోలను, పాసుపుస్తకపు నకళ్లను వేరొకచోట దాచుకొనవలెను.